ఆరో వరుస చేపలు

“ఏం వదినా, మీ అన్న చెక్కభజనల చేరిండంట గద?” అని పై వాటా దమయంతి మా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. మా ఆవిడ మనోరమ చింతపండు పిసకడం ఆపి తలెత్తింది.

“ఎవరన్నరు?”

“ఒకలు అనుడేంది, నా చెవులతోని విన్న. పొద్దుగాల నీళ్లు పట్టనీకె దిగితే ఆయన గదిలకెళ్లి ఒకటే మాట. రంగ రంగ, రంగ రంగ. నడుమ నడుమ చెక్క చెక్క అంటుండు. మంచిదే వదినా. ఒక్కడు కూసోని మనసు పాడుచేసుకునుడు కంటె దేవుని పాట నయం గద.”

నేను గడప మీద కూర్చుని తెగిన చెప్పుకు పిన్నీసు పెడుతున్నాను. నవ్వు రావలసిన చోట ఆవలింత వచ్చింది. ఆ ఏడు నా నవ్వుల పరిస్థితి అదే.

“దమయంతక్కా, అది రంగ రంగ కాదు. రొంగొరొంగొ,” అన్నాను.

“అదేం దేవుడు?”

“దేవుడు కాదు, రాత. సముద్రం నడిమిట్ల ఈస్టర్ ద్వీపమని ఒక దీవి ఉన్నది. ఆడి పాతకాలపోళ్లు చెక్కల మీద బొమ్మలు బొమ్మలుగ చెక్కిన రాత. చెక్కిన చెక్క. భజన లేదు.”

“ఏం రాసుకున్నరంట?”

“అది ఎవరికి తెల్వదు. చదవొచ్చినోళ్లను కొందరిని ఓడలల్ల పట్టుకపోయిండ్రు, మిగిలినోళ్లు మశూచి వచ్చి పోయిండ్రు. ఇప్పుడు లోకంల ఒక్కనికి గూడ రాదు.”

“మరి మీ బావకు వచ్చా?”

“రాదు. లెక్కపెడుతుండు.”

దమయంతి కాసేపు ఆలోచించి, “గా భజనే నయముండె,” అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

అది 1996, ధాత నామ సంవత్సరం. ఉగాది వెళ్లి రెండు వారాలైంది. చిక్కడపల్లి సందుల్లో అప్పటికే తారు మెత్తబడింది. నేను నారాయణగూడలో క్యాలెండర్లు, పంచాంగాలు, పెళ్లికార్డులు వేసే ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఆదివారాలు ఒక పత్రికలో నవ్వుల శీర్షిక రాస్తాను. అంటే వారంలో ఆరు రోజులు ఇతరుల తప్పులు వెతుకుతాను, ఏడో రోజు నా తప్పులు అచ్చవుతాయి.

మనోరమ అన్న వెంకటరామయ్య, అంటే మా బావ, మా ప్రెస్సు క్యాలెండర్‌కే ఇరవై ఆరేళ్లు తిథులు లెక్కకట్టాడు. అంతకాలం ఒక్క పాడ్యమి అటు ఇటు జరగలేదు. కిందటేడు మాత్రం తొలి ఏకాదశి ఒక రోజు వెనక్కి పడింది. సగం చిక్కడపల్లి ఉపవాసం ఉండవలసిన రోజున పూరీలు తిని, పూరీలు తినవలసిన రోజున పస్తు పడుకుంది. యజమానికి నాలుగు రోజులు ఫోన్లు ఆగలేదు. తరువాతి ఏడు లెక్కలు అంబర్‌పేటలో కంప్యూటరున్న ఒకాయనకు వెళ్లిపోయాయి.

తప్పు ఎక్కడ జరిగిందో బావ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. భార్య పోయి అప్పటికి ఆరేళ్లు, పిల్లలు లేరు. ఒంటరిగా ఎందుకని మనోరమ పోరు పెడితే, కిరాయి గది ఖాళీ చేసి మా ముందుగదిలోకి వచ్చాడు. వచ్చి తలుపు వేసుకున్నాడు. తిథులు చెప్పే మనిషి అతిథి అయ్యాడని నేనొక మాట విసిరాను. మనోరమ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిది నెలలు ఆ తలుపు భోజనానికి ఒకసారి, స్నానానికి ఒకసారి తెరుచుకుంది. గోడకు క్యాలెండర్ వద్దన్నాడు. మేకు మాత్రం ఉండేది.

ఆ మార్చిలో మనోరమ పట్టుబట్టి నాతోపాటు ఆయనను అశోక్‌నగర్ వైపు లైబ్రరీకి పంపింది. అక్కడ రెఫరెన్సు విభాగం చూసే శ్రీలక్ష్మిగారు ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే ఊరుకోరు. ఏదో ఒక పుస్తకం ముందు పెడతారు. ఆయన ముందు పెట్టింది ఆ దీవి చెక్కల ఫోటోలున్న, అడుగున్నర పొడవు పుస్తకం.

“ఎనిమిదేండ్ల సంది దీన్ని ఎవరు ముట్టలే. మీరన్న దుమ్ము దులుపుండ్రి,” అన్నారట.

బావ దుమ్ము దులిపాడు. దుమ్ము మా ఇంటికి వచ్చింది.

*

“మనోరమా, చపాతీల పీట ఒకసారి ఇయ్యి,” అన్నాడు బావ ఒక సాయంత్రం. తలుపు తెరిచే ఉంది. ఆ మాటకే మనోరమ సగం ఆనందంతో పీట కడిగి తుడిచి తెచ్చింది.

ఆయన పీటను చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు.

“సాగర్, ఇది చెక్క అనుకో. ఇట్ల మొదటి వరుస చదివినవ్. చివరికి వచ్చినవ్. ఇప్పుడేం చేస్తవ్?”

“ఇంకో వరుసకు పోత.”

“పోవు. ముందు చెక్కను తలకిందులు తిప్పుతవ్.” పీటను గిరుక్కున తిప్పాడు. “ఎందుకంటె రెండో వరుస తలకిందులుగ చెక్కిండ్రు. మళ్ల మూడోది నిలువుగ, నాలుగోది తలకిందులు. చెక్క చేతుల తిరుగుతనే ఉంటది.”

“మన సంసారం లెక్క,” అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ, విసుక్కోనూ లేదు. గుర్తులను చూపించాడు. మనుషులు, పక్షులు, చేపలు, నెలవంకలు. ఒక చెక్క మీద నెలవంకలు వరుసగా వచ్చే చోటు ఉందట. అది చాంద్రమాన నెల అని ఒక జర్మన్ పండితుడు ఎప్పుడో పట్టుకున్నాడట. అందులో చేప తల పైకుంటే చంద్రుడు పెరుగుతున్నట్టు, కిందికుంటే తరుగుతున్నట్టు. ఆ దీవిలో రాత్రులకు పేర్లుండేవని, వాటిలో కొన్నిటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలే పేర్లని చెప్పాడు.

“మన విదియ, తదియ, చవితి లెక్కనే గద. వాళ్లెవరో, మనమెవరో. నెత్తి మీద చంద్రుడు ఒక్కడే.”

“నెల దొరికింది గద బావా. ఇంకేం వెతుకుతున్నరు?”

“దొరికింది ఒక్క చెక్కల. మిగిలిన చెక్కలల్ల ఇంకోటి లేదని ఎవరన్నరు?” పీట మీద వేళ్లతో కొట్టాడు. “నాకు ఒక్క నెల కావాలె సాగర్. అమావాస్య నుంచి అమావాస్యకు, ఒక్క తిథి తప్పని నెల. గది లెక్కకట్టి నలుగురికి చూపిస్త. తర్వాత ఏమన్న కానీ.”

ఆ మాట తరువాత ఆయన ఏం వెతుకుతున్నాడో మా ఇంట్లో ఎవరికీ వేరే చెప్పనక్కర లేకపోయింది. మనోరమ పీట తిరిగి తీసుకోలేదు. ఆ వేసవి అంతా చపాతీలు బోర్లించిన పళ్లెం మీద చేసింది.

*

ఏప్రిల్ పోయింది, మే పోయింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ పొద్దున్నే లైబ్రరీకి పోయేవాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివే మహబూబ్‌నగర్ కుర్రాళ్ల మధ్య, ఫ్యాను కింద కుర్చీ దొరకక, కిటికీ పక్క ఎండలో కూర్చునేవాడు. ఎడమ కంట్లో శుక్లం. బహుళపక్షంలో కూడా ఆయనకు శుక్లమే అని నేను పత్రికలో రాయబోయి కొట్టేశాను. భూతద్దం పట్టుకుని ఒక్కో గుర్తూ లెక్కపెట్టి, ఏ గుర్తు తరువాత ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో గళ్ల కాగితాల్లో రాసుకునేవాడు. మూడు చెక్కలు అయ్యాయి. ఏమీ లేదు.

నాకు అలసటగా ఉండేది. ఎందుకో చెప్పలేను. ఆయన వెతుకుతుంటే నేను అలిసిపోయేవాణ్ని. ఇంటికి వచ్చేసరికి మనోరమ కళ్లతోనే ‘దొరికిందా’ అని అడిగేది. దొరకలేదని బావ ముఖం చెప్పేది. నడుమ నేను ఏదో ఒక చమత్కారం వేయవలసి వచ్చేది. ఇంట్లో విద్యుత్తు పోయినప్పుడు విసనకర్ర విసిరే పనివాడి బతుకు.

నాలుగో చెక్క ఫోటోను లైబ్రరీ ఎదుట జిరాక్సు తీయించి, ఎనిమిది వరుసలనూ ఎనిమిది పేలికలుగా కత్తిరించి, వెనక పెన్సిల్‌తో అంకెలు వేసి నాకు ఇచ్చాడు.

“నా కన్నుకు గమ్ము పని చాతకాదు. ప్రెస్సుల మంచి అట్ట మీద అంటించుకుని రా. అన్ని వరుసలు నిలువుగ ఉండాలె. మనిషి బొమ్మ తల పైకి వచ్చేటట్టు తిప్పి అంటించు.”

“నేను అంటిస్తే ఊడదు బావా. ఇరవై రెండేండ్ల సంది ప్రెస్సుకు అంటుకునే ఉన్న.”

“గందుకే నీకిస్తున్న. నువ్వు ప్రూఫ్ చూసినంక నేను మళ్ల చూసే పని లేదు.”

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కకు జరిపి, కింద దీపం వెలిగే లైట్ టేబుల్ మీద అట్ట పరిచి అంటించాను. వాన రాలేదు, గాలి లేదు. చెమట చుక్క పేలిక మీద పడకుండా మెడలో తువ్వాలు చుట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, వరుసగా మనుషుల తలలు చూసుకుంటూ పోయాను. ఆరో వరుసలో మనుషులు లేరు. వంకలూ చేపలూ మాత్రమే ఉన్నాయి. పేలికను అటు పెట్టి చూశాను, ఇటు పెట్టి చూశాను. కంటికి సరిగా కనిపించిన వైపు అంటించాను. అంతలో పెళ్లికార్డు ప్రూఫు వచ్చింది.

*

జూన్ పదిహేడున అధిక ఆషాఢం మొదలైంది. ఎండ అధికం, ధరలు అధికం, ఇక ఆషాఢం కూడా అధికమేనా అని జనం గొణిగారు. రెండు రోజుల తరువాత నేను ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో నవ్వులు వినిపిస్తున్నాయి. మనోరమ నవ్వు నాకు తెలుసు. రెండోది ఎవరిదో అర్థం కావడానికి చెప్పులు విప్పేంత సేపు పట్టింది.

“సాగర్, ఇటు రా, ఇటు రా,” అని బావ చేయి పట్టుకుని అట్ట ముందు కూర్చోబెట్టాడు. “అయిదో వరుస చూడు. వంక, పక్కన చేప. వంక, చేప. ఎన్నున్నయి?”

లెక్కపెట్టాను. పదిహేను.

“చేప తల?”

“పైకి.”

“ఆరో వరుస?”

పద్నాలుగు. చేపల తలలు కిందికి. అంతేకాదు, అయిదో వరుసలో అటు తిరిగిన వంకలు ఇక్కడ ఇటు తిరిగాయి.

“పదిహేను, పద్నాలుగు, ఇరవై తొమ్మిది,” అన్నాడు బావ మెల్లగా, ఎవరికో జోల పాడుతున్నట్టు. “శుక్లపక్షం, బహుళపక్షం. ఒక్క దినాన రెండు తిథులు పడుతయి గద, ముప్పైకి ముప్పై. తిథి తప్పలేదు సాగర్.”

“నెలవంకకు కూడా వంక పెట్టేటోళ్లు ఉంటరు. దీనికి మాత్రం పెట్టలేరు,” అన్నాను. ఆయన నవ్వాడు. ఆ సంవత్సరంలో నా మాటకు ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ రాత్రి ఆయన మూడు చపాతీలు తిని ఇంకోటి అడిగాడు. పీట వంటింటికి తిరిగి వచ్చింది. మర్నాడు శ్రీలక్ష్మిగారు విని, జులై ఏడో తారీకు ఆదివారం లైబ్రరీ మేడమీది హాలులో ఆయన మాట్లాడాలని నోటీసు బోర్డు మీద కాగితం పెట్టించారు. అధికమాసంలో కొత్త పని పెట్టుకోకూడదని దమయంతి అడ్డు చెప్పింది. “అది దీవోళ్ల నెల అక్కా, మన అధికం వాళ్లకు అంటదు,” అని నేను సర్దిచెప్పాను.

మా యజమాని కూడా వినివచ్చి, నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. “ఆదివారం నేను గూడ వస్త. రామయ్యగారు మళ్ల జనంల నిలబడి మాట్లాడితే చూడాలని ఉన్నది. ఆ అంబర్‌పేట్ ఆయన లెక్కలు నాకు మనసున పడుతలేవు. చూద్దాం,” అని వెళ్లాడు.

ఆ ‘చూద్దాం’ను నేను ఇంటికి మోసుకొచ్చి చెప్పాను. బావ లేచి ముందుగది గోడకున్న మేకును చేత్తో కదిపి గట్టిగా ఉందో లేదో చూశాడు.

*

సెప్టెంబరుకల్లా గోడ క్యాలెండర్లు బయటికి పోవాలి కాబట్టి, జులై మొదటి వారంలోనే మా ప్రెస్సులో రాశుల బొమ్మలు బీరువాలోంచి తీస్తారు. ఆఫ్‌సెట్ వచ్చాక కూడా ఆ పన్నెండు పాత జింకు బ్లాకులను యజమాని పారేయలేదు. వాటినే ముద్ర వేసి ఫోటో తీస్తారు. గురువారం పొద్దున పన్నెండు ముద్రలూ నా టేబుల్ మీదికి వచ్చాయి. మేషం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క దాని మీద టిక్కు పెడుతూ మీనం దగ్గరికి వచ్చాను.

మీనరాశిలో రెండు చేపలు. ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి. ఇరవై రెండేళ్లుగా నేను టిక్కు పెడుతున్న బొమ్మ. ఒక ఏడు బ్లాకులో ఒక చేప రేకు మేకు ఊడి తిరిగిపోయి, రెండు చేపలూ ఒకే వైపు చూస్తే, చుట్టూ సున్నా చుట్టి వెనక్కి పంపింది కూడా నేనే.

పెన్ను ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా, లైట్ టేబుల్, ఆరో వరుస పేలిక. అటు పెట్టి చూసినప్పుడు దాని చేపలు అయిదో వరుస చేపల్లాగే తల పైకి ఉన్నాయి. ఎక్కడో తప్పున్నట్టు అనిపించింది. ఇటు పెట్టి చూస్తే తల కిందికి వచ్చాయి. పై వరుస పైకి, కింది వరుస కిందికి. కంటికి హాయిగా అనిపించింది. అంటించాను.

ఒంట్లో బాగాలేదని చెప్పి లైబ్రరీకి నడిచాను. శ్రీలక్ష్మిగారు పుస్తకం తీసిచ్చారు. చెక్క మీద రెండు, నాలుగు, ఎనిమిది వరుసల్లో మనుషులు తలకిందులుగా ఉన్నారు. వాటిని నేను సరిగ్గానే తిప్పాను. ఆరోది కూడా సరి సంఖ్య వరుసే. దాన్నీ తిప్పవలసింది. తిప్పితే దాని చేపలు కూడా తల పైకే ఉంటాయి. వంకలు కూడా అయిదో వరుస వంకల్లాగే నిలబడతాయి. పెరగడం లేదు, తరగడం లేదు. ఇరవై తొమ్మిది వంకలూ ఒకే దిక్కు చూస్తున్నాయి. నెల లేదు.

“ఏం సాగర్‌గారు, ఆదివారం కోసం తయారైతున్నరా?” అన్నారు శ్రీలక్ష్మిగారు.

“తయారైన,” అన్నాను.

ఆ సాయంత్రం బావ గదిలో మాట్లాడటం సాధన చేస్తున్నాడు. నేను వంటింట్లోకి పోయి మనోరమకు చెప్పాను. ఆమె బెండకాయలు తరుగుతూ వింది. చెప్పడం అయ్యాక కూడా తరుగుతూనే ఉంది.

“వేరేవాళ్లు ఎవరన్న పట్టుకుంటరా?” అంది చివరికి.

“లోకంల దాన్ని చదవొచ్చినోడే లేడు. ఎవరు పట్టుకుంటరు.”

“అయితే చెప్పకుండ్రి.”

“మనోరమా.”

“నిరుడు ఆ తలుపు ఆయన పెట్టుకున్నడు. ఎనిమిది నెలలు నేను దాని బయట కంచం పట్టుకొని నిలబడ్డ. మీరు ప్రెస్సుకు పోయినరు. మళ్ల పెట్టుకుంటె తీసే శక్తి నాకు లేదు.” గొంతు పెంచలేదు. “మీరు ఎన్ని మాటలు అంటరు రోజు. ఒక్కటి అనకుంటె ఏం పోతది.”

మా ఇంట్లో నాదెప్పుడూ ప్రతిపక్షమే. ఆ రోజు మాత్రం తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తి బయటికి వచ్చేశాను. గురువారం పోయింది, శుక్రవారం పోయింది, శనివారం పోయింది. మీనమేషాలు లెక్కపెట్టడమంటారు. నేను మీనం దగ్గరే ఆగిపోయాను, మేషం దాకా చేరలేదు.

*

ఆదివారం పొద్దున చిన్న వాన పడి ఆగింది. హాలులో అరవై మంది దాకా ఉన్నారు. సగం మంది పరీక్షల కుర్రాళ్లు. కింద చదువుకునే చోట ఫేజు పోయి కరెంటు లేక, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయని వచ్చారు. మా యజమాని మూడో వరుసలో, మనోరమ ఆడవాళ్ల వైపు దమయంతి పక్కన. పరిచయం చేయడం నా వంతు. “నెల తప్పడం శుభవార్త అంటారు లోకంలో. మా బావ నెల తప్పకుండా శుభవార్త తెచ్చాడు,” అన్నాను. హాలు గొల్లుమంది. మనోరమ మాత్రం చీర కొంగు చూసుకుంటోంది.

బావ ముప్పావుగంట మాట్లాడాడు. చెక్కలు, దీవి, తిప్పి చదవడం, జర్మన్ పండితుడి నెల, తరువాత తన నెల. తడబడలేదు. ఒక కన్నుతోనే అందరినీ చూశాడు. పదిహేను, పద్నాలుగు అని అట్ట మీద వేలు పెట్టి చూపించినప్పుడు యజమాని తల ఊపాడు. చప్పట్లు మోగాయి. అవి నా వీపు మీద పడుతున్నట్టు వంగి కూర్చున్నాను.

ముందు వరుసలో కూర్చున్న ఒక కుర్రాడు లేచాడు. నారాయణపేట దగ్గరివాడట, పేరు ఎల్లేష్ అని చెప్పుకున్నాడు. “సార్, చిన్న డౌట్. ఏ వరుస తలకిందులున్నదో ఎట్ల గుర్తువడుతరు?”

“మనుషుల తలలు చూసి,” అన్నాడు బావ.

“ఆరో వరుసల మనుషులు లేరు గద సార్.”

బావ అట్ట వైపు చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు. అనుమానం ఏమీ లేదు ఆ ముఖంలో. “మంచి ప్రశ్న. అది అంటించింది మా సాగర్. సాగర్, చెప్పు.”

లేచాను. నా అలవాటు కొద్దీ నాలుక మీదికి నాలుగు మాటలు వచ్చి వరుసలో నిలబడ్డాయి. ఏ ఒక్కటి వేసినా హాలు నవ్వేది, కుర్రాడు కూర్చునేవాడు, టీ వచ్చేది. మనోరమ ఇప్పుడు తలెత్తి నన్నే చూస్తోంది.

“ఆరో వరుస నేను తలకిందులు అంటించిన,” అన్నాను.

హాలంతా నవ్వింది. ఇరవై ఏళ్లుగా జనాన్ని నవ్వించడానికి నేను పడ్డ తిప్పలేవీ లేకుండానే నవ్వింది. యజమాని కూడా నవ్వాడు. తరువాతి మాట కోసం అందరూ నా వైపు చూస్తున్నారు.

“నిజంగనే. తిప్పకుండ అంటించిన.”

మళ్లీ నవ్వారు. ఈసారి కాస్త తక్కువ.

“నవ్వకుండ్రి,” అన్నాడు బావ. “చెప్పనియ్యుండ్రి. సాగర్, ఎందుకట్ల అంటించినవ్?”

“మీనరాశి బ్లాకు బావా. ఒక చేప పైకి, ఒక చేప కిందికి. చూసి చూసి కన్ను అట్ల అలవాటు పడ్డది. అయిదో వరుస చేపలు పైకి ఉండె. ఆరోది కిందికి ఉంటెనే నాకు ఒప్పు అనిపించింది.”

“పుస్తకంల చూసినవా?”

“చూసిన.”

“ఎన్నడు?”

“గురువారం.”

“ఇయ్యాల ఆదివారం.”

“అవును బావా.”

బావ అట్ట ముందు వీపు మాకు పెట్టి నిలబడ్డాడు. దమయంతి ఏదో అనబోతే మనోరమ ఆమె మోకాలి మీద చేయి వేసి ఆపింది.

తరువాత ఆయన గోటితో ఆరో వరుస అంచు లేపాడు. నేను అంటిస్తే ఊడదని చెప్పాను గదా, అంత తేలిగ్గా ఊడలేదు. బల్ల మీది గ్లాసులో వేలు ముంచి, తడుపుతూ, ఒక్క చేప కూడా చిరగకుండా మెల్లమెల్లగా లాగాడు. పేలికను గిరుక్కున తిప్పి, అదే చోట బొటనవేలితో అదిమి పట్టాడు. భూతద్దం తీసి చూశాడు. పెదవులు కదుపుతూ పద్నాలుగూ లెక్కపెట్టాడు.

“అన్ని ఒక్క దిక్కే ఉన్నయి,” అన్నాడు జనం వైపు తిరిగి. పాఠం చెప్పే గొంతే, మారలేదు. “పక్షం మారలేదు. ఇది నెల కాదు. ఇందాక ముప్పావుగంట నేను చెప్పింది తప్పు. అంటించింది ఆయన. చూసుకోనిది నేను. తప్పు ఎట్లయిందో మీరంతా విన్నరు గద. వెనక కూసున్నోళ్లకు వినపడ్డదా?”

“వినపడలే సార్,” అన్నారు తలుపు దగ్గర ఎవరో.

“అట్ల పోవద్దు. నిరుడు ఎవరు అడుగలే, నేను చెప్పలే. తెలుసుకొని పోవాలె.” బావ నన్ను పిలిచాడు. “సాగర్, ముంగటికి రా. మొదటి సంది చెప్పు. ఒక్క ముక్క ఇడువకు. జర గట్టిగ చెప్పు, ఎప్పుడు లేనిది నీ గొంతు ఇయ్యాల్నే పోయిందా?”

ముందుకు వెళ్లాను. యజమాని లేవలేదు. ఎవరూ లేవలేదు. మనోరమ కొంగుతో ముఖం తుడుచుకుని, తలుపు దగ్గరివాళ్లకు కనబడేలా తన కుర్చీని పక్కకు జరుపుకుంది. నేను గొంతు సవరించుకుని, చెక్క మీద ఒక వరుస నిలువుగా ఉంటుందని, తరువాతి వరుస తలకిందులుగా ఉంటుందని మొదలుపెట్టాను. జిరాక్సు, పేలికలు, అన్నం డబ్బా, గమ్ము, మీనరాశి బ్లాకు, గురువారం, అన్నీ వరుసగా చెప్పాను. ఎక్కడా ఒక్క చమత్కారం కూడా పెట్టలేదు.

బావ అట్టను రెండు చేతులతో అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. నేను ఆరో వరుస దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు అప్పటికే అక్కడ ఉంది.